పురుగు న్యూరాన్లలో జన్యువుల జాడ: మెరుపా, సీక్వెన్సింగా?

సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగులో (ద్విలింగి రకంలో) న్యూరాన్లు (నాడీకణాలు) 302, వాటిలో రకాలు 118. ఏ న్యూరాన్‌లో ఏ జన్యువు పనిచేస్తోందో చూడడానికి ఒక దారి, ఆ జన్యువుకు ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలించడం. 1994లో శాస్త్రవేత్త మార్టిన్ చాల్ఫీ బృందం దీన్ని ఈ పురుగులోనే చేసి చూపింది. ఒళ్లు పారదర్శకం కాబట్టి బతికుండగానే మైక్రోస్కోపులో కనిపిస్తుంది. చిక్కల్లా, ఒక్కో జన్యువుకూ విడిగా పురుగులను తయారుచేసుకోవాలి. జన్యువులేమో దాదాపు 20 వేలు! పైగా వెలిగింది ఏ న్యూరానో పోల్చుకోవడం ఇంకో తలనొప్పి.

సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ అయితే కణాలను విడదీసి, ఒక్కో కణంలో పనిచేస్తున్న జన్యువుల నకళ్లను (ఆర్‌ఎన్‌ఏ) చదువుతుంది, అదీ వేల జన్యువులవి ఒకేసారి. ఈ పురుగు న్యూరాన్లలో ఏ జన్యువులు పనిచేస్తాయో నమోదుచేసే సెన్‌జెన్ ప్రాజెక్టు 2021లో 118 రకాలకూ ఇలాగే పటం గీసింది. కొత్తగా వెతకాలంటే నా ఓటు దీనికే. కాకపోతే కొద్దిగా మాత్రమే పనిచేసే జన్యువులు లెక్కలోంచి జారిపోవచ్చు. విడదీసిన కణం ఏ న్యూరాన్‌దో గుర్తుపట్టడానికి మళ్లీ ఆ పాత మెరుపు డేటానే దిక్కు.