సున్నా యూరో టికెట్: నాలుగు వేసవులు వాడాక

రోమ్‌కి ఎన్ని రోజులు, ఫ్లోరెన్స్‌కి ఎన్ని, వెనిస్‌లో రాత్రి ఉండాలా వద్దా అన్న లెక్కలు ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. టీనేజ్ పిల్లలున్న ఇంట్లో ఇటలీ ప్లాన్‌ని నిజంగా మార్చేసేది ఒకే ఒక్క రూల్. ప్రభుత్వ మ్యూజియాల్లో, పురావస్తు స్థలాల్లో 18 ఏళ్లు నిండని వాళ్లకి ప్రవేశం ఉచితం. ఏ దేశం పాస్‌పోర్టు అన్నది లెక్కలోకి రాదు. రోమ్‌లో కొలోసియం, దాని పక్కనే పాత రోమన్ శిథిలాలున్న ఫోరమ్, పాంథియన్, బోర్గేసే గ్యాలరీ, ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ చిత్రశాల, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా, నేపుల్స్ పక్కన పాంపేయి, మిలాన్‌లో ‘చివరి భోజనం’ చిత్రం... అన్నీ ఇందులోకే వస్తాయి. 2022 నుంచి నాలుగు వేసవులు ఈ రూల్ చుట్టూనే ప్లాన్లు వేశాను. ఇప్పటికీ దీన్ని మించిన సౌకర్యం యూరప్ ట్రిప్‌లో నాకు కనబడలేదు, కాకపోతే మొదట్లో ఉన్నంత గుడ్డి ప్రేమ ఇప్పుడు లేదు.

ముందు డబ్బు సంగతి. ఇద్దరు పెద్దవాళ్లు, 16 ఏళ్ల అమ్మాయి, 13 ఏళ్ల అబ్బాయి అనుకోండి. ఇక్కడ చెప్పే ధరలన్నీ 2025 వేసవివి. అప్పుడు ఉఫిజీ టికెట్ 25 యూరోలు, కొలోసియం 18. ఈ రెండు చోట్లే పిల్లల వాటా 86 యూరోలు మిగులుతుంది. అకాడెమియా, పాంపేయి కూడా కలిపితే రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి రైలు ఖర్చు వచ్చేసినట్టే.

సున్నా అంటే ప్రతిచోటా సున్నా కాదు. ఉఫిజీలో ముందుగా స్లాట్ తీసుకుంటే తలకి 4 యూరోల బుకింగ్ రుసుము, ఉచిత టికెట్‌కి కూడా. అంటే ఆ నలుగురికీ 25, 25, 0, 0 మీద ఇంకో 16 కలిపి 66 యూరోలు. బోర్గేసేలో పిల్లలకి 2 యూరోలు. అక్కడ బుకింగ్ లేకుండా లోపలికి పంపరు, లోపల ఉండేది రెండు గంటలే. ఇవి పెద్ద మొత్తాలేం కావు. ‘పిల్లలకి ఫ్రీ కదా, అక్కడికెళ్లి చూసుకుందాం’ అనుకుని పెద్దవాళ్లకి మాత్రమే బుక్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఉచిత టికెట్టు కూడా టికెట్టే. పిల్లలకీ అదే టైమ్ స్లాట్‌లో, అదే ఆర్డర్‌లో తీసుకోవాలి.

ఇక అసలు బెడిసికొట్టేది కొలోసియం గేటు దగ్గర.

2023 అక్టోబరు దాకా కొలోసియం టికెట్ మీద పేరు అక్కర్లేదు. మధ్యవర్తులు టికెట్లు గంపగుత్తగా కొని ఎక్కువ ధరకి అమ్ముతున్నారన్న గొడవ ముదిరాక ప్రతి టికెట్‌కీ పేరు తప్పనిసరి చేశారు. ఇలా గంపగుత్తగా కొనడం మీదే 2025లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ దాదాపు 2 కోట్ల యూరోల జరిమానాలు వేసింది. మంచి పనే. కానీ ఆ పేరు రూల్ బరువంతా పడింది సున్నా యూరో టికెట్ మీద, ఎందుకంటే అందరూ అజాగ్రత్తగా నింపేది దాన్నే.

జరిగేది ఇది. ఫారంలో ఒక్కో టికెట్‌కి రెండు గళ్లు: ‘నోమే’ అంటే పేరు, ‘కోన్యోమే’ అంటే ఇంటిపేరు. ఫోన్‌లో నింపుతుంటే ఆటోఫిల్ మొదటి టికెట్‌లో అమ్మ పేరు వేస్తుంది, తర్వాతి మూడింటిలోనూ అదే వేస్తుంది. పెద్దవాళ్ల రెండు టికెట్లు డబ్బులతో కూడినవి కాబట్టి సరిచూసుకుంటారు, కిందున్న రెండు సున్నాల దాకా చూపు వెళ్లదు. మధ్యవర్తి సైట్లలో ఇంకా ఘోరం: కొన్ని ‘ముఖ్య ప్రయాణికుడి పేరు’ ఒక్కటే అడిగి, దాన్నే నాలుగు టికెట్ల మీదా అచ్చు వేస్తాయి. నాకు తెలిసిన ఒక బుకింగ్‌లో ఇదే అయింది. జూలై, మధ్యాహ్నం 2 గంటల స్లాట్. గేటులో అమ్మానాన్నల టికెట్లు సరిపోయాయి. పిల్లల పాస్‌పోర్టు తెరిచి చూసి, టికెట్ చూసి, సిబ్బంది తల అడ్డంగా ఊపారు. డబ్బు కట్టిన ఇద్దరూ లోపలికి వెళ్లొచ్చు, ఉచితంగా వచ్చిన ఇద్దరూ బయట. పిల్లల్ని ఎండలో వదిలి ఎవరు వెళ్తారు? ఒకరు టికెట్ కౌంటర్ క్యూలో నిలబడితే ఇంకొకరు పిల్లలతో గోడ నీడన. క్యూ కదిలే లోపు స్లాట్ పోయింది. పోయినవి పెద్దవాళ్ల 36 యూరోలు. సున్నా టికెట్లకి పోవడానికి డబ్బేముంది.

మన పేర్లతో దీనికి ఇంకో చిక్కు ఉంది. స్కూల్ రికార్డులో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి మాట. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే. ఇటలీ ఫారం మాత్రం రెండు గళ్లూ నింపనిదే ముందుకు పోనివ్వదు. నేను పాటించే పద్ధతి: పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దింపడం, పొడి అక్షరాల్ని సాగదీయకపోవడం, పూర్తి పేరుని కుదించకపోవడం. సర్‌నేమ్ ఖాళీగా ఉంటే గివెన్ నేమ్‌లో చివరి మాటని కోన్యోమేలో, మిగతాది నోమేలో. ఒకే మాట పేరైతే రెండు గళ్లలోనూ అదే. అమ్మ ఇంటిపేరూ పిల్లల ఇంటిపేరూ వేరైతే కంగారు అక్కర్లేదు. గేటులో చూసేది ఎవరి టికెట్‌కి వాళ్ల పాస్‌పోర్టు.

టికెట్ రకం దగ్గర కూడా పొరపాటు పడతారు. ‘ఇంటెరో’ పూర్తి ధర, ‘గ్రతూయితో’ ఉచితం, మధ్యలో ‘రిదోత్తో’ అని తగ్గింపు ఉంటుంది. 17 ఏళ్ల పిల్లలకి స్టూడెంట్ అనుకుని రిదోత్తో నొక్కేస్తారు. అది 18 నిండి 25 నిండని యూరోపియన్ యూనియన్ పౌరులకి ఇచ్చేది, ధర 2 యూరోలు. అక్కడ చూసేది పౌరసత్వం, నివాసం కాదు. జర్మనీలో ఏళ్లుగా ఉంటున్నా మన పాస్‌పోర్టే ఉన్న 19 ఏళ్ల కుర్రాడికి పూర్తి ధరే.

పాంపేయిలోనూ 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మంది పరిమితి, టికెట్ మీద పేరు వచ్చేశాయి. కాబట్టి పైన చెప్పిందంతా అక్కడికీ వర్తిస్తుంది. పాస్‌పోర్టు అసలుదే పట్టుకెళ్లండి. ఫోన్‌లో ఫోటో చాలు అని ఒకరికి నడిచిందంటే మీకూ నడుస్తుందని కాదు. నాలుగూ ఒకే పెద్ద మనిషి దగ్గర, చొక్కా లోపలి సంచిలో. టీనేజర్ల బ్యాక్‌ప్యాక్ వెనక జేబులో మాత్రం వద్దు, ముఖ్యంగా రోమ్ ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ దగ్గరి మెట్రోలో.

ఇంకో అసంతృప్తి ఉంది, ఇది రూల్ తప్పు కాదు. పిల్లలు నిజంగా ఇష్టపడేవి చాలావరకు ఈ రూల్ కిందికి రావు. ఫ్లోరెన్స్ గుమ్మటం మీదికి 463 మెట్లు, లిఫ్టు లేదు, టీనేజర్లకి ట్రిప్ మొత్తంలో అదే నచ్చుతుంది. అది ప్రభుత్వానిది కాదు, కెథెడ్రల్ వాళ్లది: పాస్ 30 యూరోలు, 7 నుంచి 14 ఏళ్లకి 12, పదిహేనో ఏడు వచ్చిందంటే పూర్తి 30. వెనిస్‌లో దోజ్ ప్యాలెస్ మునిసిపాలిటీది. అక్కడ 6 నుంచి 14 వాళ్లకీ, 25 దాకా విద్యార్థులకీ తగ్గింపు ధర, కాబట్టి స్కూల్, కాలేజీ ఐడీ కార్డులు పడేయకండి. వాటికన్ అసలు వేరే దేశం. టీనేజర్లకి కూడా తగ్గింపు టికెట్ కొనాల్సిందే, ఆన్‌లైన్ రుసుము ఇంకో 5 యూరోలు. ఉచితం కదా అని మూడు రోజుల్లో ఐదు మ్యూజియాలు కూరితే మూడోదానికల్లా పిల్లలు బెంచీ మీద ఫోన్ తీస్తారు. నేను ఇప్పుడు ఊరికి ఒక ఉచిత మ్యూజియం, ఒక డబ్బు పెట్టి ఎక్కే మెట్లు అన్న లెక్కలో వేస్తున్నాను. మొదటి వేసవిలో ఫ్లోరెన్స్‌కి పెట్టిన మ్యూజియాలు నాలుగు, అది అత్యాశే.

అసలు ‘టీనేజ్’ అనే మాట ఇటలీ కౌంటర్లకి తెలియదు. ఎవరి గీత వాళ్లది. మ్యూజియంలో 18. రైల్లో 15: ట్రెనీటాలియా ఫాస్ట్ రైళ్లలో 15 నిండని పిల్లలు పెద్దవాళ్లతో ఉచితంగా వెళ్లే ఆఫర్ ఉంది, రెండు నుంచి ఐదుగురి గుంపుకి. మెలిక ఏమిటంటే పెద్దవాళ్లు అందులో బేస్ ధర కట్టాలి, ముందుగా దొరికే చవక ధర కాదు. ఒక్క పిల్లాడు, ఇద్దరు పెద్దలు అయితే చాలాసార్లు అందరికీ చవక టికెట్లు కొనడమే తక్కువ పడుతుంది. రెండూ లెక్కేసి చూసుకోవాలి. వెనిస్‌లో పగటిపూట వచ్చిపోయేవాళ్లకి 2024లో మొదలైన ప్రవేశ రుసుము ఉంది కదా, అందులో మినహాయింపు 14 లోపు వాళ్లకే. వెనిస్‌లోనే రాత్రి ఉంటే అందరికీ మాఫీ, కానీ మినహాయింపు క్యూఆర్ కోడ్ ముందే తీసి పెట్టుకోవాలి. రోమ్ బస్సులో ఉచితం 10 లోపు. టీనేజర్లందరికీ ఒకటిన్నర యూరో టికెట్. కార్డు తాకించి ఎక్కేట్టయితే మనిషికో కార్డు కావాలి, నాన్న కార్డు నాలుగుసార్లు తాకిస్తే నాలుగు టికెట్లు అవవు.

ఊహించని లాభం వెనిస్‌లోనే దొరికింది. నీటి బస్సు ఒక్క ప్రయాణం 9.50 యూరోలు, 75 నిమిషాలు. 72 గంటల పాస్ 45. 6 నుంచి 29 ఏళ్ల వాళ్లకి ‘రోలింగ్ వెనిస్’ అనే కార్డు 6 యూరోలకి ఇస్తారు, అది ఉంటే 72 గంటల పాస్ 27కే వస్తుంది. రెండూ కలిపి 33. అంటే పిల్లకి 12 యూరోల ఆదా, అదీ ఏ దేశం వాళ్లకైనా. కౌంటర్ వాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే పేరు పెట్టి అడగాలి.

ఎండ గురించి ఒక్క విషయం. మనకి 42 డిగ్రీలు కొత్త కాదు, కానీ రోమ్ 36లో రాళ్ల మీద నాలుగు గంటలు నిలబడటం వేరు. కొలోసియం మామూలు టికెట్ 24 గంటలు చెల్లుతుంది: కొలోసియంలోకి ఒకసారి, ఫోరమ్, పాలటైన్ కొండలోకి ఒకసారి. సాయంత్రం 4:30 కొలోసియం స్లాట్ తీసుకుని, ఫోరమ్‌ని మర్నాడు పొద్దున తెరవగానే పెట్టుకోండి. రెండూ ఒకే మధ్యాహ్నం పెట్టుకున్న వాళ్లలో ఫోరమ్ పూర్తిగా చూసినవాళ్లు తక్కువ. దారిలో ‘నాసోనే’ అనే ఇనప కుళాయిలుంటాయి, నీళ్లు రాత్రింబవళ్లు పోతూనే ఉంటాయి, తాగొచ్చు. వంపు తిరిగిన గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. బాటిల్ లేకపోయినా నోరు పెట్టి తాగొచ్చు. సున్నా యూరోలకి పిల్లలు మెచ్చుకున్నది బహుశా ఇదొక్కటే.

నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు అందరికీ ఉచితం. పిల్లలకి ఎలాగూ ఉచితమే కాబట్టి ఆ రోజు లాభం పెద్దవాళ్లకి, క్యూ మాత్రం అందరికీ. జూలై, ఆగస్టుల్లో అటు పోవద్దనే చెబుతాను. ఉఫిజీ, అకాడెమియా, బోర్గేసే సోమవారం మూత, వాటికన్ మ్యూజియంకి చివరి ఆదివారం తప్ప ఆదివారాలు సెలవు.

నా మార్కులు ఇంట్లో పిల్లల వయసుని బట్టి మారతాయి. 15, 16, 17 ఏళ్ల వాళ్లుంటే ఈ రూల్ కోసమే ఇటలీని ముందుకు జరపొచ్చు. రైల్లో పూర్తి ధర పడినా మ్యూజియాల్లో మిగిలేది ఎక్కువ. 13, 14 అయితే చాలా గీతలు మీ వైపే, తొందర లేదు. అమెరికా నుంచి ఆగస్టులో వచ్చే కుటుంబాలకి డబ్బుకన్నా స్లాట్లే సమస్య. కొలోసియం మామూలు టికెట్లు 30 రోజుల ముందే తెరుచుకుంటాయి, అదీ ఇటలీ సమయం ప్రకారం. మన దేశం నుంచి అయితే వేసవిలో మూడున్నర గంటల తేడా, చూసుకోవడం తేలిక. ఇక 17 దాటిన పిల్లలుంటే వీసా అపాయింట్‌మెంట్ కన్నా ముందు పుట్టినతేదీ చూడండి. జూలై 10న 18 నిండుతుంటే 9వ తేదీ దాకా సున్నా, 10 నుంచి ఉఫిజీలో 25.