కోరాపుట్ ఘాట్లకు తక్కువ ఖర్చులో హైడ్రాలిక్ బ్రేకు: షిమానో ఎంటీ200 ఎంతవరకు పనికొస్తుంది?

కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగినా, జయపురం వైపు ఘాట్ దిగినా, దేవమాలి (1672 మీటర్లు) మీద నుంచి వచ్చినా అసలు పరీక్ష బ్రేకులకే. మనిషి, సైకిలు కలిపి 90 కిలోలనుకుంటే, 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడల్లా సుమారు 88 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. పావు లీటరు నీళ్లను మరగబెట్టేంత వేడి అది. వేగంగా వెళ్తే చాలా భాగం గాలికే పోతుంది. భయపడుతూ బ్రేకు పట్టుకుని మెల్లగా దిగేవాళ్లకు మాత్రం దాదాపు అంతా రెండు పలచటి డిస్కుల మీదే పడుతుంది. బరంపురం చదును రోడ్ల మీద బాగున్న బ్రేకు ఇక్కడ కూడా అలాగే పనిచేస్తుందని అనుకోకండి.

ఖర్చు చూసుకునేవాళ్లకు మా ఓటు షిమానో కంపెనీ హైడ్రాలిక్ (కేబుల్ బదులు ఆయిలు ఒత్తిడితో పనిచేసే) డిస్కు బ్రేకు ఎంటీ200కే. మార్కెట్లో ఇంతకంటే గట్టివి లేవని కాదు. దీని రెండు పిస్టన్ల కాలిపర్‌లో (డిస్కును రెండువైపుల నుంచి నొక్కే భాగం) వేసే ప్యాడ్, అంటే డిస్కును రాసుకునే ముక్క, బీ05ఎస్. షిమానోదే ఖరీదు ఎక్కువైన డియోర్ ఎం6100 రెండు పిస్టన్ల కాలిపర్‌లోనూ అదే ఆకారం ప్యాడ్. అంటే డిస్కును పట్టుకునే చోట తేడా మీరనుకున్నంత ఉండదు. తేడా లివరులో ఉంది. డియోర్‌లో సర్వోవేవ్ అనే ఏర్పాటుంది: ప్యాడ్లు డిస్కు దాకా త్వరగా చేరతాయి, అక్కడి నుంచి వేలి బలం ఎక్కువగా పనిచేస్తుంది. ఎంటీ200 సెట్టుతో వచ్చే ఎంటీ201 లివరులో అది లేదు. అదే బలం రావాలంటే వేలు కాస్త గట్టిగా నొక్కాలి. పొడవాటి ఘాట్‌లో అరచేయి నొప్పెడుతుంది, నిజమే. కానీ లివరు స్పర్శ సాఫీగా ఉంటుంది, ఎంత నొక్కితే అంత ఆగుతుంది. కొత్తగా హైడ్రాలిక్‌కి మారేవాళ్లకు ఇదే నయం.

కొనేముందు హ్యాండిల్ ఒకసారి చూసుకోండి. మన దగ్గర అమ్మే మధ్యరకం ఎంటీబీల్లో (మౌంటెన్ బైకుల్లో) చాలావాటికి గేరు షిఫ్టరు, బ్రేకు లివరు ఒకే ముక్కగా ఉంటాయి. షిమానో ఈఎఫ్41, ఈఎఫ్500 ఆ రకానివే. వాటికి కొత్త లివరు వెయ్యాలంటే పాత ముక్క మొత్తం తీసెయ్యాలి, గేర్లకు విడి షిఫ్టర్లు కొనాలి. ఏడు, ఎనిమిది గేర్ల సైకిళ్లకైతే ఎస్ఎల్-ఎం315 సరిపోతుంది. ఈ ఖర్చు ముందే కలుపుకోకపోతే చౌక బేరం చౌకగా మిగలదు. బ్రేకులు, షిఫ్టర్లు కలిపి సైకిలు ధరలో మూడో వంతు దాటితే ఆ డబ్బుతో హైడ్రాలిక్ బిగించి వచ్చే సైకిలే చూసుకోవడం మేలు.

రెండో చిక్కు చేతి వాటం. మనకు ముందు బ్రేకు కుడిచేతికి ఉండటం అలవాటు, మోటారు సైకిలు మీద ఉన్నట్టే. ఆన్‌లైన్‌లో వచ్చే సెట్లలో కొన్ని ఎడమ చేతికి ముందు బ్రేకు లెక్కన తయారైనవి. ఆయిలు నింపి, హోసు (లివరు నుంచి కాలిపర్ దాకా ఆయిలు గొట్టం) బిగించి వస్తాయి కాబట్టి కుడి లివరుకు పొడుగు హోసు, ఎడమ లివరుకు పొట్టి హోసు ఉంటాయి. పొడుగుది కత్తిరించొచ్చు, పొట్టిది వెనక చక్రం దాకా అందదు. ఆర్డరు పెట్టేటప్పుడే కుడి-ముందు సెట్టు కావాలని చూసి తీసుకోండి. సెట్టులో డిస్కులు, అడాప్టర్లు (డిస్కు సైజుకు తగ్గట్టు కాలిపర్‌ను జరిపి బిగించే ముక్కలు) ఉంటాయనుకోవద్దు, చాలావాటిలో ఉండవు.

డిస్కు దగ్గరే జనం పొదుపు చేసి తర్వాత బాధపడతారు. 160 మి.మీ. వ్యాసం డిస్కు బదులు ముందు చక్రానికి 180 వేస్తే అదే నొక్కుడుకు 12.5 శాతం ఎక్కువ పట్టు వస్తుంది, వేడి పంచుకోవడానికి లోహమూ ఎక్కువే. పోస్ట్‌మౌంట్ ఫోర్కుకు (కాలిపర్ బోల్టులు నేరుగా దిగే రకం ముందు ఫోర్కు) 20 మి.మీ. పెంచే అడాప్టరు కావాలి. ఆ ఫోర్కు ఎంత పెద్ద డిస్కు దాకా తట్టుకుంటుందో దాని మాన్యువల్‌లో చూడాలి. వెనక 160 చాలు. ఆర్‌టీ26 లాంటి చౌక డిస్కు మీద ‘రెసిన్ ప్యాడ్ మాత్రమే’ అని రాసి ఉంటుంది, అది మొహమాటానికి రాసింది కాదు. రెసిన్ ప్యాడ్ మెత్తటి రకం, మెటల్ ప్యాడ్ లోహప్పొడి కలిసిన గట్టి రకం. దానిమీద మెటల్ ప్యాడ్ వేస్తే డిస్కు అరిగిపోతుంది. ఆరు బోల్టులతో బిగించే డిస్కుల్లో ఆర్‌టీ66 తీసుకుంటే రెండు రకాల ప్యాడ్లకూ పనికొస్తుంది, రేపు బ్రేకు మార్చినా డిస్కు ఉంటుంది. కొత్త డిస్కు మందం 1.8 మి.మీ., 1.5కి వస్తే పారెయ్యాలి. టీ25 (నక్షత్రం ఆకారపు తల ఉన్న) బోల్టులు ఒకదానికెదురుగా ఉన్నది చొప్పున 2 నుంచి 4 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

వానాకాలంలో కోరాపుట్, రాయగడ ఎర్రమట్టి రెసిన్ ప్యాడ్లను ఇట్టే తినేస్తుంది. ఎంటీ200కి కంపెనీ చెప్పేది రెసినే కాబట్టి జూన్ నుంచి సంచిలో ఒక జత విడిగా ఉంచుకోండి. రాపిడి పదార్థం అర మిల్లీమీటరు మిగిలితే మార్చే వేళ. బురదలోనే ఎక్కువ తిరిగేవాళ్లు, 85 కిలోలు దాటినవాళ్లు, సామాను కట్టుకుని దిగేవాళ్లు నేరుగా నాలుగు పిస్టన్ల ఎంటీ420కో ఎంటీ520కో వెళ్లాలి. వాటికి డీ03ఎస్ రెసిన్‌తో పాటు డీ02ఎస్ మెటల్ ప్యాడ్లు కూడా సరిపోతాయి. మెటల్ కీచుమంటుంది, చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు తక్కువ, కానీ ఎక్కువ కాలం వస్తుంది.

సైకిలుతో పాటే టెక్ట్రో కంపెనీ హైడ్రాలిక్ బ్రేకు ఎం275 వచ్చి ఉంటే దాన్ని పీకి ఎంటీ200 పెట్టడం దండగ. మంచి ప్యాడ్లు, ముందు పెద్ద డిస్కు వెయ్యండి, చాలు. పాత కేబుల్ లివరుతోనే పనిచేసే హైడ్రాలిక్ కాలిపర్లు కూడా ఉన్నాయి. ఒకే ముక్క షిఫ్టరు ఉన్నవాళ్లకు ఖర్చు తగ్గుతుంది, కానీ కేబుల్ తుప్పు, సాగుడు అలాగే ఉంటాయి. ఘాట్‌కి మేం సిఫారసు చెయ్యం.

ఆయిలు విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. షిమానో, టెక్ట్రోలకు మినరల్ ఆయిలే వాడాలి. చిన్న ఊళ్లలో బైకు స్పేర్ల కొట్టులో డిస్కు బ్రేకు ఆయిలు అడిగితే చేతిలో పెట్టేది డాట్ 3 గానీ డాట్ 4 గానీ. అది పోస్తే సీళ్లు ఉబ్బి లివరు వెనక్కి రాదు. అప్పుడిక బాగుచెయ్యడానికి ఏమీ ఉండదు, కాలిపర్, లివరు రెండూ మార్చాల్సిందే. షిమానో మినరల్ ఆయిలు ఒక చిన్న సీసా, లివరు మీద బిగించే గరాటు, ఒక సిరంజి సెట్టుతో పాటే తెప్పించుకోండి.

హోసు కత్తిరించే ముందు హ్యాండిల్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి, బిగువు పడకుండా కొలవాలి. కత్తిరించిన ప్రతిసారీ కొత్త ఆలివు (హోసు చివర నలిగి బిగిసే చిన్న రింగు), కొత్త ఇన్సర్టు (హోసు లోపల దూర్చే సన్నని గొట్టం) వెయ్యాలి. పాతవి మళ్లీ వేస్తే అక్కడే కారుతుంది. కాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివరు నొక్కిపట్టి, కొంచెం కొంచెంగా మార్చి మార్చి 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకు బిగిస్తే డిస్కు మధ్యలోకి వస్తుంది. ఆ తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవడానికి గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి తగ్గిస్తూ ఒక్కో చక్రానికి ఇరవై సార్లు పట్టాలి. చక్రం లాక్ కాకూడదు, పూర్తిగా ఆగకూడదు. ఇది చెయ్యకుండా ఘాట్‌కి పోయి ‘బ్రేకు పడట్లేదు’ అనేవాళ్లే ఎక్కువ.

కీచులాటకు, పట్టు పోవడానికి సగం కారణం వాటర్ సర్వీసింగే. అక్కడ గొలుసు మీద డీజిలు కొడతారు, ఆ తుంపర డిస్కు మీద పడుతుంది. చక్రాలు తీసి పక్కన పెట్టాకే కడగనివ్వండి. డిస్కు మీద పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు. ప్యాడ్లలోకి ఇంకితే ఇసుక కాగితంతో రుద్దినా రెండు రోజుల ముచ్చటే, మార్చెయ్యండి.

సైకిలును బస్సు మీద వేసేటప్పుడు చక్రం తీస్తే ప్యాడ్ల మధ్య అట్టముక్కో ప్లాస్టిక్ ముక్కో పెట్టాలి. చక్రం లేకుండా ఎవరైనా లివరు నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. ప్యాడ్లు తీసి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివరుతో మెల్లగా లోపలికి తొయ్యాలి, స్క్రూడ్రైవరు వద్దు. తలకిందులుగా వేసి తెస్తే, దింపాక ఎక్కేముందు లివరును నాలుగైదు సార్లు నొక్కి చూడండి. మెత్తగా హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తోందంటే హోసులోకి గాలి చేరింది, ఆయిలు పోసి గాలి తీసేదాకా ఘాట్ దిగొద్దు.