'రెండూ ఒకే అలయన్స్' అనే మాట నమ్మి అమెరికా టికెట్ కొనకండి

పోయిన నెల అమ్మానాన్నలను చికాగోలో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపడానికి శంషాబాద్ వెళ్లాం. యూరప్‌లో విమానం మారాలి, అక్కడి నుంచి వేరే ఎయిర్‌లైన్. "రెండూ ఒకే అలయన్స్ అండీ, టెన్షన్ పడకండి, సామాను నేరుగా చికాగోలోనే తీసుకుంటారు" అన్నాడు ఏజెంటు. అలయన్స్ అంటే ఎయిర్‌లైన్ల కూటమి. ఇద్దరికీ కలిపి 22 వేలు తగ్గుతుందంటే సరేనన్నాను.

కౌంటర్‌లో అమ్మాయి సూట్‌కేసుకి ట్యాగ్ వేయబోయి ఆగిపోయింది. "ఈ టికెట్ యూరప్ వరకే సార్. అక్కడ బయటికెళ్లి సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. షెంగెన్ వీసా ఉందా?" అంటే ఆ యూరప్ దేశాల్లోకి వెళ్లే వీసా. లేదు. ఎక్కనివ్వలేదు. నాన్న పాస్‌పోర్టులో అమెరికా వీసా పేజీనే మళ్లీ మళ్లీ తెరిచి చూపిస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అక్కడితో అయిపోలేదు. రెండో విమానానికి వెళ్లలేదు కాబట్టి ఆ ఎయిర్‌లైన్ నో-షో (ప్రయాణికులు రాలేదని) వేసి, రిటర్న్ కూడా రద్దు చేసింది. కొత్త టికెట్లకు 2 లక్షల 40 వేలు పెట్టాం. ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు.

స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్ అని మూడు పెద్ద కూటములున్నాయి. ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్‌లో ఉంది. మైళ్లు (ప్రయాణాలకిచ్చే పాయింట్లు), లాంజ్ లాంటివి వీటి వల్ల వస్తాయి, నిజమే. కానీ కనెక్షన్ తప్పితే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వచ్చేది ఒకే టికెట్ మీద వెళ్తేనే. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, అయినా దుబాయ్‌లో మారేవాళ్ల సామాను ఒకే టికెట్ అయితే చివరిదాకా వెళ్తుంది. ఈ తేడా నాకు ముందే తెలిసుంటే ఆ రోజు అమ్మ అలా ఏడ్చేది కాదు.

మాకు ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఒక్క రిఫరెన్స్ నంబరే ఉంది, అది వాళ్ల సొంతది. అసలు చూడాల్సింది 13 అంకెల ఈ-టికెట్ నంబర్. మధ్యలో ఒక్కచోట మారే రానూపోనూ ప్రయాణానికి మనిషికి ఒకటే ఉండాలి. మా ఇద్దరికీ కలిపి నాలుగున్నాయి, అంటే మనిషికి రెండు వేర్వేరు టికెట్లు. అది ఇంటికొచ్చాక చూసుకున్నాను.

ధర విషయంలోనూ ఒక మాట. కోడ్‌షేర్ విమానమైతే, అంటే ఒక ఎయిర్‌లైన్ నడిపే విమానానికి ఇంకోటి కూడా తన నంబరుతో టికెట్లు అమ్మితే, అదే సీటును రెండు ఎయిర్‌లైన్లు రెండు రేట్లకు అమ్ముతుంటాయి, రెండు సైట్లూ చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ అడిగి తీసుకుని, ఆ ఎయిర్‌లైన్ సైట్‌లో కొట్టి, ప్రయాణం మొత్తం చివరి ఊరిదాకా కనిపిస్తోందో లేదో ఈ రోజే చూసుకోండి.