అప్‌డేట్ తర్వాత స్లీప్‌కు నిమిషం పడుతోందా? స్లీప్, హైబ్రిడ్ స్లీప్, హైబర్నేట్‌లలో ఏది మేలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ ఆగిపోయింది. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు జిరాక్స్ షాపులు, మీసేవ సెంటర్లు, మిర్యాలగూడ రైస్‌మిల్లు ఆఫీసులు ఒక్కొక్కటిగా 11కు మారుతున్నాయి. మారినవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "ఇంతకుముందు స్లీప్ కొడితే ఐదు సెకన్లలో ఆగేది. ఇప్పుడు స్క్రీన్ ఆరినా నిమిషం దాకా లోపల ఫ్యాను తిరుగుతనే ఉంటది. అప్‌డేట్ తీసేయాల్నా, హైబర్నేట్ పెట్టుకోవాల్నా?"

ముందు ఆలస్యం ఎక్కడ అవుతోందో చూడాలి. స్లీప్ కొట్టి స్క్రీన్‌ను, కేబినెట్ మీద మినుకుమనే డిస్క్ లైటును గమనించండి. స్క్రీన్ వెంటనే నల్లబడి, డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూ, ఆ తర్వాతే ఫ్యాను ఆగిందంటే కంప్యూటర్ మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాస్తోందని అర్థం. ఇది జబ్బు కాదు, హైబ్రిడ్ స్లీప్ చేసే పనే అది. అలా కాకుండా స్క్రీన్ ఆరడానికే ఆలస్యమైనా, ఆరి మళ్లీ వెలిగినా ఏదో ప్రోగ్రామో, డ్రైవరో (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) అడ్డుపడుతున్నట్టు. ఈ రెండో రకం గురించి కింద చెప్తాను. ఎక్కువమందిది మొదటి రకమే.

ఇంకో మాట. అప్‌డేట్ పడిన మొదటి ఒకట్రెండు రోజులు ఏమీ తేల్చుకోవద్దు. సెర్చ్ ఇండెక్స్ మళ్లీ తయారవుతుంటుంది, విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ నడుస్తుంటుంది, పాత ఫైళ్ల సర్దుబాటు సాగుతుంటుంది. పడుకునే ముందు విండోస్ డిస్క్‌కు పెండింగ్ ఉన్న రాతలన్నీ ముగించాలి కాబట్టి డిస్క్ సందడిగా ఉంటే మామూలు స్లీప్ కూడా మెల్లగానే పడుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే రెండు మూడు గంటలు ఆన్‌లో వదిలేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యే ఏర్పాటు) ఉన్నప్పుడు షట్‌డౌన్‌లో విండోస్ కెర్నల్, అంటే దాని మూలభాగం, పూర్తిగా దిగిపోదు, రీస్టార్ట్‌లోనే దిగుతుంది.

ఇక పోలిక. మామూలు స్లీప్‌లో తెరిచిన పని అంతా ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ మెమరీలో ఉంటుంది, ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతుంది. పడుకోవడం, లేవడం రెండూ క్షణాల్లో పని. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నది సీ డ్రైవ్‌లో ఒక దాపుడు ఫైలులోకి రాసి కరెంటు పూర్తిగా ఆపేస్తుంది. హైబ్రిడ్ రెండూ చేస్తుంది: ఫైలూ రాస్తుంది, ర్యామ్‌నూ బతికించి ఉంచుతుంది. కరెంటు పోకపోతే స్లీప్ అంత వేగంగా లేస్తుంది, పోతే ఫైలు నుంచి పని తిరిగి తెస్తుంది. డెస్క్‌టాప్‌లలో విండోస్ దీన్నే ముందుగా ఆన్ చేసి ఉంచుతుంది. పెద్ద అప్‌డేట్ తర్వాత పవర్ ప్లాన్ సెట్టింగులు మళ్లీ మొదటికి రావడం ఉంటుంది. ఎవరో ఎప్పుడో ఆపిన హైబ్రిడ్ అలా తిరిగి ఆన్ అయితే, "అప్‌డేట్ వల్ల స్లో అయింది" అనిపిస్తుంది.

ఆ నిమిషం లెక్క కూడా సులువే. హైబర్నేట్ ఫైలు పరిమాణం మామూలుగా ర్యామ్‌లో 40 శాతం. 8 జీబీ ర్యామ్‌కు 3.2 జీబీ. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ రాస్తుంది కాబట్టి అర నిమిషం పైనే. డిస్క్ అరిగి ఉంటే, బ్రౌజర్లో ముప్పై ట్యాబులు తెరిచి ఉంటే నిమిషం దాటుతుంది. అదే ఫైలు సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్‌ల మీద రాసే వేగమైన డిస్క్) మీద సెకనుకు 500 ఎంబీ చొప్పున ఏడు సెకన్ల లోపే రాయడం అయిపోతుంది.

వేగం ఒక్కటే చూస్తే మామూలు స్లీప్‌దే గెలుపు. కానీ మన దగ్గర తేల్చాల్సింది వేగం కాదు, కరెంటు పోతే తెరిచిన పని ఏమవుతుందన్నది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన లేస్తే ఫీడర్ ట్రిప్ అవడం పాలమూరులోనైనా దేవరకొండలోనైనా కొత్త కాదు. మామూలు స్లీప్‌లో ఉన్న డెస్క్‌టాప్‌కు ఒక్క క్షణం కరెంటు తెగితే చాలు, ర్యామ్ ఖాళీ అవుతుంది. సగం నింపిన దరఖాస్తు, సేవ్ చేయని లెటర్ అన్నీ పోయినట్టే. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవద్దు. దాని మీద యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపే ఉండాలి. ఎకోలో మారే ఆ కాస్త వ్యవధికే కంప్యూటర్ పడిపోతుంది. విడిగా యూపీఎస్ ఉన్నా, లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. ప్లగ్ పీకి చూసేదాకా ఆ సంగతి బయటపడదు.

అందుకే యూపీఎస్ మీద పూర్తి నమ్మకం లేని డెస్క్‌టాప్‌లో హైబ్రిడ్‌ను ఆపమని నేను చెప్పను. ఆ అర నిమిషం దండగ కాదు. ఆపాలనే అనుకుంటే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, స్లీప్ కింద అలౌ హైబ్రిడ్ స్లీప్‌ను ఆఫ్ చేస్తే అయిపోతుంది. యూపీఎస్ గట్టిగా ఉన్న ఆఫీసులకు అదే సరైన పని.

హైబ్రిడ్ వాడేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది: స్క్రీన్ నల్లబడగానే స్పైక్‌బస్టర్ స్విచ్ ఆపేయడం. ఫైలు రాస్తున్న సమయం సరిగ్గా అదే. అప్పుడు కరెంటు తెగితే తెరిచిన పని పోతుంది, డిస్క్ మీద ఫైళ్లు కూడా దెబ్బతినొచ్చు. ఫ్యాను ఆగేదాకా స్విచ్ ముట్టొద్దు.

రాత్రికి మాత్రం హైబర్నేటే మేలు. కరెంటు బిల్లు కోసం కాదు. స్లీప్‌లో డెస్క్‌టాప్ 5 వాట్లు తిన్నా, రాత్రికి పది గంటల చొప్పున నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా దాటదు. అసలు కారణం పిడుగులు. హైబర్నేట్ అయ్యాక ప్లగ్గు, ఇంటర్నెట్ కేబుల్ రెండూ పీకేసి షట్టర్ వేసుకోవచ్చు, పొద్దున తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే ఉంటాయి. మెనూలో హైబర్నేట్ కనబడకపోతే పవర్ ఆప్షన్స్‌లో ఎడమవైపు "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" నొక్కి, పైన "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" తెరిచి, కింద హైబర్నేట్‌కు టిక్ పెట్టండి.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఎ కొట్టండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పవర్ పక్కన సి, ఎఫ్, జి కలిపి, తర్వాత ఖాళీ వదిలి స్లాష్). అందులో పైన, అందుబాటులో ఉన్నవాటి జాబితాలో ఎస్0 లో పవర్ ఐడిల్ అని ఉంటే మీది మోడరన్ స్టాండ్‌బై మెషిన్. అది నిజంగా పడుకోదు, ఫోన్ లాగా సగం మేలుకొని ఉంటుంది. అప్‌డేట్ డౌన్‌లోడ్లు, పాత డ్రైవర్లు దాన్ని కదిలిస్తుంటే నల్గొండలో మూత మూసి బ్యాగులో పెట్టింది ఎల్బీనగర్‌లో దిగేసరికి వేడెక్కి, బ్యాటరీ సగానికి వచ్చి ఉంటుంది. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ స్లీప్‌స్టడీ కొడితే ఏది మేలుకొలిపిందో రిపోర్టు ఇస్తుంది. ఓపిక లేకపోతే మూత మూసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోండి. ఈ మెషిన్లలో హైబ్రిడ్ ఉండదు కాబట్టి దాని గురించి వెతకొద్దు.

ఇప్పుడు రెండో రకం, అసలు పడుకోనివి. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ రిక్వెస్ట్స్. సిస్టమ్, ఎగ్జిక్యూషన్ కింద ఏదైనా పేరు కనబడితే మెషిన్ తనంతట తాను పడుకోకుండా అడ్డుపడేది అదే. ఆడియో డ్రైవర్ పేరు ఉంటే ఏదో ట్యాబ్‌లో పాటో వీడియోనో ఆగలేదు. ఎస్‌ఆర్‌వీనెట్ అని ఉంటే పక్క కంప్యూటర్ మీ షేర్డ్ ఫోల్డర్‌ను తెరిచి పెట్టుకుంది. ట్యాలీ డేటా షేర్ చేసుకునే మిల్లు ఆఫీసుల్లో ఎక్కువగా కనబడేది ఇదే. దీన్ని ఓవర్‌రైడ్ చేసే కమాండ్ ఉంది గానీ వాడొద్దు. డేటా ఉన్న మెషిన్ పడుకుంటే పక్క సీటులో ఎంట్రీ మధ్యలో తెగి, డేటా చెడే ప్రమాదం ఉంది. పని వేళల్లో ఆ ఒక్క కంప్యూటర్‌కు స్లీప్‌ను నెవర్ చేయడమే పద్ధతి.

రిక్వెస్ట్స్‌లో ఏమీ లేకుండా పడుకుని వెంటనే లేస్తుంటే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ చూడండి. నెట్‌వర్క్ కార్డు గానీ మౌస్ గానీ కనిపిస్తుంది. డివైస్ మేనేజర్లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్లి "అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్" టిక్ తీసేయాలి. కౌంటర్ బల్ల ఊగితే మౌస్ కదిలి మెషిన్ లేచే షాపులు మస్తుగా ఉన్నాయి. ఏమీ దొరక్కపోతే వేలిముద్ర పరికరం, ప్రింటర్, వెబ్‌క్యామ్ అన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్‌తోనే ఒకసారి స్లీప్ చేసి చూడండి. సరిగా పడుకుంటే ఒక్కొక్కటీ తగిలిస్తూ పోవాలి. దొరికిన పరికరానికి 11 కోసం ఇచ్చిన డ్రైవర్ కంపెనీ సైటు నుంచి వేయాలి.

వీడియోల్లో వినిపించే చిట్కాలకు కొంచెం జాగ్రత్త. ఫాస్ట్ స్టార్టప్ ఆపితే షట్‌డౌన్ తీరు మారుతుంది, స్లీప్‌కు దానితో సంబంధం లేదు. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ కొడితే స్లీప్ వేగంగా పడుతుంది నిజమే, ఎందుకంటే హైబర్నేట్, హైబ్రిడ్, ఫాస్ట్ స్టార్టప్ మూడూ ఒక్క దెబ్బకు పోతాయి. అప్పుడు మిగిలేది కరెంటు పోతే అన్నీ పోయే మామూలు స్లీప్ ఒక్కటే. ఇప్పటికే కొట్టి ఉంటే చివర ఆఫ్ బదులు ఆన్ అని కొడితే తిరిగొస్తాయి.

అప్‌డేట్ వెనక్కి తీసుకోవడం ఆఖరి దారి. 10 నుంచి 11కు మారినవాళ్లకు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ మామూలుగా 10 రోజులే ఉంటుంది, ఆ తర్వాత ఫ్రెష్‌గా వేసుకోవాల్సిందే. స్లీప్ కోసం సపోర్ట్ లేని విండోస్‌కు పోవడం, అదీ జనం ఆధార్ వివరాలు చూసే మెషిన్ మీద, నాకు సబబు అనిపించదు.

డెస్క్‌టాప్‌లో ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే ఈ సెట్టింగులతో కుస్తీ పట్టేకన్నా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించడం మేలు. హైబ్రిడ్‌ను ఆన్‌లోనే ఉంచుకోవచ్చు, నిమిషం కాస్తా సెకన్లలోకి వస్తుంది. అయితే షాపులో కొందరు విండోస్‌ను పాత డిస్క్ మీదే వదిలి ఎస్‌ఎస్‌డీని డీ డ్రైవ్‌గా తగిలించి పంపుతారు. హైబర్నేట్ ఫైలు విండోస్ ఉన్న డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి అలా చేస్తే స్లీప్‌కు పైసా ఉపయోగం లేదు. విండోస్‌ను క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ చేసి) ఎస్‌ఎస్‌డీకి మార్చమని, పాత డిస్క్‌ను ఫైళ్ల కోసం ఉంచమని ముందే చెప్పండి. తెచ్చుకునేటప్పుడు టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీ డ్రైవ్ పక్కన ఎస్‌ఎస్‌డీ అని ఉందో లేదో అక్కడే చూసుకోండి.