గ్యాసు గీజరు: స్నానాల గదిలోనా, పెరటి గోడకా? ఏది మేలు?

సంక్రాంతికి అల్లుళ్ళు, ఆడపడుచులు, పిల్లలు దిగే ఇంట్లో భోగి నాటి తలంట్లకు వేడినీళ్ళు ఎలా అందించాలన్నది ముందే తేల్చుకోవలసిన విషయం. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వంటి ఊళ్ళలో చాలామంది చూపు గ్యాసు గీజరు మీద పడుతుంది. కరెంటు పోయినా పనిచేస్తుంది. కుళాయి తిప్పగానే వేడినీళ్ళు. పదిమంది వరసగా స్నానం చేసినా ఆగదు. ప్రాణం మీదికి తెచ్చేది కూడా ఈ ఆగకపోవడమే.

నిమిషానికి 6 లీటర్లు ఇచ్చే గీజరు పూర్తిగా మండుతున్నప్పుడు సుమారు 12 కిలోవాట్ల వేడి పుట్టిస్తుంది. వంటింట్లో ఐదారు బర్నర్లు ఒకేసారి పెద్ద మంట మీద పెడితే అంత వేడి. అలా వెలిగించి తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చునే ఇల్లాలు ఎక్కడా ఉండదు. బాత్‌రూములో మాత్రం గడియ పెట్టుకుని మరీ ఆ పని చేస్తాం. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 8 ఘనపు మీటర్లు. పది నిమిషాల స్నానానికి గీజరు వాడుకునే గాలి 2 ఘనపు మీటర్లు. బయటి గాలి రాకపోతే మొదటి స్నానం ముగిసేసరికే గదిలోని ప్రాణవాయువులో దాదాపు నాలుగో వంతు అయిపోతుంది. తరువాత వెళ్ళినవాళ్ళకు మిగిలిన గాలితోనే సరి.

గాలి చాలనప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మన ప్రాంతం వాళ్ళకు గ్యాసు అంటే పాసర్లపూడి గుర్తుకు వస్తుంది. 1995 జనవరిలో అక్కడి గ్యాసు బావిలో చెలరేగిన మంట రెండు నెలలకు పైగా ఆకాశాన్ని ఎర్రగా మార్చింది. అందుకే వాసన వస్తే భయపడతాం, మంట కనబడితే పరుగెత్తుతాం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. సిలిండరు గ్యాసుకు కలిపే ఘాటు వాసన లీకును పట్టిస్తుందే తప్ప దీన్ని పట్టించదు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వస్తాయి. వేడినీళ్ళ ఆవిరికి అలా ఉందిలే అనుకుంటుండగానే కాళ్ళు పట్టు తప్పి, గడియ తీసే శక్తి కూడా ఉండదు.

ఇక దారులు చూద్దాం. గీజరు లోపలే, వెంటిలేటరు పైన: ఎక్కువ ఇళ్ళలో ఉన్నది ఇదే. కాగితం మీద బాగానే ఉంటుంది. అసలు సంగతి ఆ వెంటిలేటరును నిచ్చెన వేసుకుని చూస్తే తెలుస్తుంది. కాలువలు, చేపల చెరువుల పక్కన ఉండే మనకు దోమ తెర తప్పదు. తెర కన్నుల్లో దుమ్ము, నూలు పేరుకుని సగం మూసుకుపోయి ఉంటుంది. చలికాలం వచ్చిందని అద్దం పలకల మధ్య ఎవరో పాత దినపత్రిక దోపి ఉంటారు. పైన ఎంత కన్నం ఉన్నా, కింద నుంచి గాలి రాకపోతే ప్రవాహం సరిగా సాగదు. తలుపు కింద భాగంలో జాలీ, పైన వెంటిలేటరు రెండూ ఉండాలి. మన బాత్‌రూములకు నీళ్ళు బయటికి రాకుండా గట్టు కట్టి తలుపును దానికి ఆనించి బిగిస్తారు కాబట్టి కింద దారి దాదాపు ఉండదు. పైగా సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే ఆ గట్టు లోపలే నేల మీద నిలుస్తుంది. కాకినాడ, రాజమహేంద్రవరం వైపు పైపు గ్యాసు వచ్చిన ఇళ్ళలో లెక్క తిరగబడుతుంది. అది తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది.

రెండోది, లోపల గీజరుకు తోడు ఎగ్జాస్ట్ ఫ్యాను. దీని మీద చాలామందికి లేనిపోని నమ్మకం. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాను తిప్పితే అది లాగేది ఏమిటి? గీజరుకు పొగగొట్టం బిగించి ఉంటే, ఫ్యాను ఆ గొట్టంలోంచే గాలిని వెనక్కి లాగి, బయటికి పోవలసిన విషవాయువును గదిలోకే తెస్తుంది. కింద జాలీ ఉంటే ఫ్యాను మేలు చేస్తుంది. కానీ కరెంటు పోయిన పూట ఫ్యాను ఆగుతుంది, గీజరు ఆగదు.

ఇరవై నిమిషాలకు దానంతట అదే ఆగే టైమరు ఉందని దుకాణంలో చెబుతారు. చాలా గీజర్లలో నిజంగానే ఉంటుంది. కుళాయి కట్టి మళ్ళీ తిప్పితే దాని లెక్క మొదటికి వస్తుంది. గదిలో అది ఎన్నో స్నానమో దానికేం తెలుసు? అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళలో కొన్నిచోట్ల గదిని వెచ్చబరచడానికి పొగగొట్టం లేని గ్యాసు ఫైర్‌ప్లేసులు ఉంటాయి. గదిలో ఆక్సిజన్ 18 శాతానికి పడిపోయేలోపే మంటను ఆర్పే ఏర్పాటు వాటిలో ఉంటుంది. అయినా వాటిని స్నానాల గది వంటి చిన్న గదుల్లో పెట్టడానికి అక్కడి నిబంధనలు తేలికగా ఒప్పుకోవు. మన దగ్గర చౌకగా దొరికే గీజర్లలో ఆ ఏర్పాటు అరుదు.

నా ఓటు మూడోదానికి: గీజరు, సిలిండరు రెండూ పెరటి గోడకు బయట, వేడినీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి. తాతల నాటి రాగి బాయిలరు కొబ్బరి డొక్కలతో మండింది పెరట్లోనే కదా. దీనికి చెప్పే అభ్యంతరాల్లో మొదటిది, వేడినీళ్ళు రావడానికి ఆలస్యం. పదిహేనడుగుల అరంగుళం గొట్టంలో పట్టేది అర లీటరుకు కాస్త ఎక్కువ. ఒక చెంబు చల్లనీళ్ళు పోతాయి, అంతే. గొట్టం మామూలు పీవీసీ కాకుండా వేడికి ఆగే సీపీవీసీ అయి ఉండాలి. రెండో అభ్యంతరం గాలి, వాన. తీరం వైపు ఊళ్ళలో ఇది నిజమే. సముద్రపు గాలికి మంట ఆరుతుంది, ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది. పైన చిన్న రేకు చూరు, గాలి వాటుకు ఒక పక్క అడ్డం చాలు. నాలుగు వైపులా మూసి పెట్టె చేశారంటే మళ్ళీ బాత్‌రూమే. పడకగది కిటికీకి ఆనుకుని మాత్రం బిగించకండి.

ఎక్కడ బిగించినా నీటి సంగతి చూసుకోవాలి. ఉప్పుబోరు నీళ్ళకు గీజరు లోపలి రాగి గొట్టాల్లో గార కడుతుంది, రేకుల మధ్య మసి పడుతుంది, మంట నీలం వదిలి పసుపుకు తిరుగుతుంది. పసుపు మంట కనబడితే మెకానిక్ వచ్చేదాకా వాడకూడదు.

అపార్టుమెంటులో బాల్కనీ లేనివాళ్ళకు కరెంటు గీజరే మేలు. గాలి గొడవే లేదు. 15 లీటర్ల ట్యాంకు 2 కిలోవాట్ల మీద కాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి పండగ రద్దీకి తట్టుకోదు. దాని ప్రమాదం షాకు. సరైన ఎర్తింగు, కరెంటు 30 మిల్లీఆంపియర్లు లీకైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు (ఆర్‌సీసీబీ) ఉంటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

అద్దె ఇంట్లో యజమాని గీజరు లోపలే బిగించి, మార్చనంటే? తలుపు బార్లా తీసి బకెట్లు నింపుకోండి. గీజరు, సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, గాలి ఆడనిచ్చి, ఆ తరువాత తలుపు వేసుకుని స్నానం చేయండి. లోపలికి వెళ్ళిన మనిషి పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టడానికి వెనుకాడవద్దు. గ్యాసు కట్టి, మనిషిని ఆరుబయటికి చేర్చి, 108కి ఫోను చేసి గీజరు సంగతి చెప్పండి. ఆక్సిజన్ ఇవ్వాలని వచ్చేవాళ్ళకు అర్థమవుతుంది.