పాత కర్నూలు జిల్లా 54 మండలాలు, రెండేళ్లు: క్యూజీఐఎస్ వాడాక నా సమీక్ష

రీజినల్ ప్లానింగ్‌ పీజీలో చేరిన మొదటి వారమే ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. రెండేళ్లు దాటింది. పాత కర్నూలు జిల్లాలో ఏ ఊరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరమో లెక్కగట్టడం నా థీసిస్. అదంతా దీంట్లోనే చేశాను. ఇప్పుడు ఉద్యోగాలకు అప్లై చేస్తూ కూడా రోజూ తెరిచేది దీన్నే.

ముందు డబ్బు సంగతి. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, పూర్తిగా ఉచితం. చదువు అయిపోయాక లైసెన్స్ పోతుందన్న బెంగ లేదు. నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 54 మండలాల పనీ అయింది. పెద్ద ఉపగ్రహ చిత్రాలు ఎక్కిస్తే మాత్రం ఓపిక పట్టాలి. కొత్త ఫీచర్ల మీద మోజుతో ప్రతి వెర్షనూ మార్చకండి, ఎక్కువకాలం సవరణలు అందే లాంగ్ టర్మ్ వెర్షన్‌తోనే థీసిస్ పూర్తిచేయండి.

దీని గురించి అందరికంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మనం చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. ఆరోగ్య కేంద్రం చుట్టూ 5 కిలోమీటర్ల బఫర్, అంటే వలయం, గీయడానికి 5 అని కొట్టాను. నా లేయర్ (మ్యాప్ మీద ఒక పొరగా వేసే డేటా) అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, అంటే అది 5 డిగ్రీలు. కర్నూలు నుంచి గీసిన వలయంలోకి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడూ వచ్చేశాయి. ఆ రోజు నుంచి ఏ లేయర్ తెరిచినా మొదట దాని ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాప్‌గా పరిచిన పద్ధతి, చూస్తాను. అందులోనూ మన దగ్గర ఒక చిక్కు ఉంది. దూరాలను మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షన్ భూమిని నిలువు జోన్లుగా విడగొడుతుంది. అందులో 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. అది కర్నూలు ఊరికి కాస్త పడమరగా పోతుంది. ఆదోని ఒక జోన్‌లో, నంద్యాల ఇంకో జోన్‌లో పడతాయి. మొత్తం జిల్లాకు 44వ జోనే పెట్టాను. ఆదోని వైపు కూడా 5 కిలోమీటర్లకు తేడా పది మీటర్లు దాటదు, నా పనికి అది చాలు.

జనాభా లెక్కలు కలపడానికి నెల పట్టింది. 2011 లెక్కలు పాత జిల్లాల ప్రకారం ఉన్నాయి, నంద్యాల 2022 ఏప్రిల్‌లో విడిపోయింది. ఊరి పేర్లతో కలపబోతే స్పెల్లింగులు కుదరవు, జనాభా లెక్కల్లో ఊళ్లకూ మండలాలకూ ఇచ్చిన కోడ్‌లతోనే కలపాలి. ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేశానో లేదో, కోడ్‌ల ముందున్న సున్నాలు ఎగిరిపోయి సగం మండలాలు ఖాళీగా వచ్చాయి. కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గానే ఉంచండి. మ్యాప్ డేటాను షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్ బదులు జియోప్యాకేజ్ ఫార్మాట్‌లో దాచుకోండి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు పది అక్షరాలకే తెగిపోతుంది, తెలుగు పేర్లు చెడిపోయే భయమూ ఉంది.

మ్యాప్‌ను ప్రింట్‌కు సిద్ధంచేసే ప్రింట్ లేఅవుట్ చేతికి అలవాటయ్యేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోయింది. అలవాటయ్యాక మాత్రం తెలుగు లేబుళ్లతో మ్యాప్ చక్కగా వస్తుంది.

అసలు పాఠం ఫీల్డ్‌లో నేర్చుకున్నాను. కోడుమూరు వైపు ఒక ఊరు నా వలయం లోపలే ఉంది, అంటే కేంద్రానికి 5 కిలోమీటర్లలోపే, మ్యాప్‌లో పచ్చరంగు. అక్కడికి పోతే ఒక పెద్దామె, "వంక పారిందంటే ఆ దావన పోలేం నాయనా, చుట్టూ తిరుక్కోని పోవాల్సిందే" అంది. హాస్టల్‌కు వచ్చి వలయాలన్నీ తీసేశాను. నెట్‌వర్క్ అనాలిసిస్‌లోని సర్వీస్ ఏరియా టూల్‌తో రోడ్ల మీదుగా దూరం లెక్కపెట్టాను. ఉచితంగా దొరికిన రోడ్ల డేటాలో పల్లె దారులు చాలావరకు లేవు, ఉపగ్రహ చిత్రం చూసి ఒక్కొక్కటీ గీసుకున్నాను. వంకల మీద నీళ్లు పొర్లే కల్వర్టులను గుర్తుపెట్టి, ఎండాకాలానికి వాటితో ఒకసారి, వానాకాలానికి అవి లేకుండా ఒకసారి లెక్క నడిపాను.

పట్టణాల సదుపాయాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకంలో పట్టణాలకు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) మాస్టర్ ప్లాన్లు మొదలయ్యాక, ప్లానర్ ఉద్యోగాల్లో ఇది రావాలని అడగడం మామూలైంది. ఇంటర్వ్యూల్లో నేను రెండు మ్యాపులు పక్కపక్కన పెడతాను, ఎండాకాలానిది ఒకటి, వానాకాలానిది ఒకటి. రెండోదాంట్లో పచ్చరంగు పోయిన ఊళ్ల గురించే ముందు మాట్లాడతాను.