ఆంధ్రా యూనివర్సిటీలో చేరేముందు చూసుకోవాల్సినవి

1926లో మొదలైన ఆంధ్రా యూనివర్సిటీలో సీటు తీసుకునేటప్పుడు పేరు కాదు, డిపార్ట్‌మెంట్ చూడండి. క్లాసులు జరిగే రోజున వెళ్లి, ల్యాబ్‌లో ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. ఆరుగురుంటే ప్రయోగం ఇద్దరే చేస్తారు, మిగతావాళ్లు రీడింగులు ఎక్కించుకుంటారు. చేతికి పని రాదు. రెగ్యులర్ సీట్లకీ, ఖర్చంతా విద్యార్థి ఫీజు మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లకీ ఫీజుల్లో చాలా తేడా. అందుకే కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు కోర్సు కోడ్ రెండుసార్లు సరిచూసుకోండి.

వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి మాత్రం పూర్తి మార్కులు వేయాల్సిందే. పరీక్షల రోజుల్లో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే చేరాలి.

సాయంత్రం బీచ్ రోడ్డు గాలి హాయిగానే ఉంటుంది. ఆ ఉప్పుగాలికే హాస్టల్లో ఇనుప తాళాలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. ఇత్తడి తాళం కొనుక్కోండి.